మధ్య తలుపు గొళ్ళెం

కథలు రాసేవాళ్ళకు పెన్నులు బహుమతిగా ఇవ్వాలని మొదట ఎవరికి తోచిందో గానీ, ఆ మహానుభావుడు ఎదురుపడితే నాలుగు మాటలు అడగాలని ఉంది. మొన్న దసరా సెలవులకు కొంచెం ముందు హైదరాబాదులో ఒక చిన్న సభలో నాకు శాలువా కప్పి, మఖమలు గుడ్డ అంటించిన పెట్టెలో బంగారు రంగు పెన్ను పెట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి దాన్ని బీరువా కింది అరలో, ఇదివరకే వచ్చి పడుకుని ఉన్న దాని అన్నదమ్ముల పక్కన సర్దుతుంటే మా వారు తొంగిచూసి, "ఇంకోటా?" అన్నారు.

"ఇంకోటే" అన్నాను.

అప్పుడే మాణిక్యం వచ్చాడు. జహీరాబాదులో బొంబాయి రోడ్డు పక్కన లారీలకు రంగులేసే మాణిక్యం. గోళ్ళ సందుల్లో ఆకుపచ్చ రంగు అలాగే ఉంది. తల మాత్రం నెరిసింది. ఏదో లారీ ఎక్కి హైదరాబాదు వచ్చి, అడ్రసు అడుక్కుంటూ మా ఇల్లు పట్టుకున్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"టీచరమ్మా, పెద్దమ్మ పోయింది" అన్నాడు.

నా చేతిలో ఇంకా ఆ మఖమలు పెట్టె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"జరమా? దవాఖానకు తీస్కపోయిన్రా?" అని అడిగాను.

"ఏం లేదు. పొద్దుగాల చాయ్ తాగింది. కూసున్నకాడనే తల వాల్చింది, గంతే. దినాలకు నిన్ను రమ్మని సేటు చెప్పిండు. గదే చెప్పిపోదామని వచ్చిన."

పెద్దమ్మ పేరు నాకు తెలుసు. కానీ ఆమెను ఆ పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు. ఆమె భర్త సేటు కూడా "ఓ" అనే పిలిచేవాడు. ఇప్పుడు ఆ పేరు ఇక్కడ రాస్తే ఇంకెవరి గురించో రాసినట్టు ఉంటుంది. పెద్దమ్మే బాగుంది.

డెబ్భైలలో మా వారికి బ్యాంకులో జహీరాబాదుకు బదిలీ అయినప్పుడు మేము ఆమె ఇంట్లో అద్దెకు దిగాం. సేటుది అల్లం వ్యాపారం. పొద్దున సంచుల మధ్యకు వెళ్తే పొద్దుగూకాకే ఇల్లు చేరేవాడు. పిల్లలు లేరు. ఇల్లు రెండు భాగాలు. వాళ్ళ భాగానికీ మా భాగానికీ మధ్య ఒక టేకు తలుపు. దానికి గొళ్ళెం వాళ్ళ వైపు ఉండేది. ఇల్లు కట్టించినవాళ్ళ వైపు గొళ్ళెం ఉండటం ఆ ఊళ్ళో రివాజు. అద్దెకున్నవాళ్ళ వైపు ఉత్త చెక్కే. అంటే ఆ తలుపు ఎప్పుడు తెరుచుకోవాలన్నది వాళ్ళ ఇష్టం, మన ఇష్టం కాదు.

పెద్దమ్మ మనిషి పొట్టి. నడక తొందర. ఎండ ఉన్నా లేకపోయినా చంకలో నల్ల గొడుగు. ఎవరైనా చేత్తో చేసిన వస్తువు ఏది కనబడినా, అది కుండైనా, కుట్టుపనైనా, బండి చక్రమైనా, ఆమె దాని ముందు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడేది. చాలాసేపు చూసేది. నోరు కొంచెం తెరుచుకునేది. ముట్టుకోవాలని మరీ మనసైతే అరచేతులు కొంగుకు తుడుచుకుని, అప్పుడు ఒక్క వేలితో ముట్టుకునేది.

"నాకేం రాదు బిడ్డా. చూసుడు ఒక్కటే వస్తది" అనేది.

నిజంగానే ఏమీ రాదు. ఆమె పేర్చిన బతుకమ్మ ఏటా ఒక పక్కకు ఒరిగేది. వాకిట్లో వేసిన ముగ్గును మా పాలవాడు తప్పుకుని నడిచేవాడు కాదు, ముగ్గని తెలిస్తే కదా. పాట ఎత్తుకుంటే మొదటి చరణంలోనే మిగతా ఆడవాళ్ళు గట్టిగా అందుకుని ఆమెను కాపాడేవాళ్ళు. ఇవన్నీ ఆమెకు తెలుసు. నవ్వేది. కానీ ఇంకొకరి చేతిలో పని కనబడితే చాలు, ఆ ముఖంలో ఆకలిగొన్నవాళ్ళకు అన్నం కనబడినంత వెలుగు.

దసరా రోజున మా వైపు అందరూ జమ్మి చెట్టు దగ్గరకు పోయి, ఆకు తెచ్చి, బంగారమని చెప్పి పెద్దవాళ్ళ చేతిలో పెట్టి దండం పెడతారు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళడం పద్ధతి. పెద్దమ్మ ఈ పద్ధతిని తిరగేసింది. ఆకు గుడ్డసంచిలో వేసుకుని, చంకలో గొడుగుతో, తానే బయలుదేరేది. లారీలకు రంగులేసే మాణిక్యం ఇంటికి, భజన మండలిలో హార్మోనియం వాయించే పంతులు ఇంటికి, బతుకమ్మ పాట ఎత్తే ఒక చాకలామె ఇంటికి. ఆకు వాళ్ళ చేతిలో పెట్టి, ఆ చేతిని తన కళ్ళకు అద్దుకునేది. దానితో పాటు పండుగకని ఏదో ఒక వస్తువు ఇచ్చేది.

సేటుకు ఇది నచ్చేది కాదు. "పెద్దోళ్ళు పోవుడేంది చిన్నోళ్ళ ఇండ్లకు? నలుగురు నవ్వుతరు" అని గొణిగేవాడు.

"చేతిల పనున్నోడు చిన్నోడెట్లయితడు?" అని ఆమె చెప్పులేసుకునేది.

నాకు ఆమె మొదటి దసరాకే ఇచ్చింది. ఏమిచ్చిందో చెప్పనవసరం లేదు. పెన్నే. బీదరు నుంచి తెప్పించిన ఎర్ర పెన్ను. "కథలు రాస్తవట గద. మీ ఆయన చెప్పిండు" అంది. థ్యాంక్స్ చెప్పి తీసుకుని, ట్రంకుపెట్టెలో అప్పటికే ఉన్నవాటి మధ్య పెట్టాను.

కథలు రాస్తానన్నది ఆ రోజుల్లో ఊరికే చెప్పుకునే మాట. జహీరాబాదు వచ్చాక నేను ఒక్క కథ కూడా పూర్తి చేయలేదు. నాది ఆడపిల్లల బడిలో పొద్దుటి పూట ఉద్యోగం. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిన్నాక, మా వారు బ్యాంకు నుంచి వచ్చేవరకు ఖాళీయే. ఆ ఖాళీలో రాయాలి. మళ్ళీ సాయంత్రం వంట, చుట్టాలు, కరెంటు పోవడాలు. కాబట్టి ఉన్నదల్లా ఆ మధ్యాహ్నమే. ఆ మధ్యాహ్నమే నాకు దక్కేది కాదు. కాగితం ముందు పెట్టుకుని, మొదటి వాక్యం రాసి, రెండోది మనసులో కదులుతుంటే అవతల గొళ్ళెం తీసిన చప్పుడయ్యేది.

"ఏం చేస్తున్నవ్ టీచరమ్మా? పండుకున్నవా?"

పడుకోలేదని చేతిలో పెన్ను చెబుతూనే ఉండేది. ఆమె వచ్చి గడప మీద కూర్చునేది. అల్లం ధర గురించి, రాయికోడులో చెల్లెలి కూతురి గురించి, మాణిక్యం ఆ రోజు గీసిన నెమలి తోక గురించి. మనసు విప్పి మాట్లాడే మనిషి. వినడానికి బాగుండేది, అదే అసలు చిక్కు. విసుగొచ్చే మనిషైతే ఏదో సాకు చెప్పి పంపించేదాన్ని. ఆమె లేచి వెళ్ళేసరికి ఎండ గోడ దిగిపోయేది, రెండో వాక్యం ఎటో పోయేది. రాత్రి పడుకున్నాక నాకు భయమేసేది. రాయడం నా చేతిలోంచి జారిపోతున్నదనీ, ఇంకో రెండేళ్ళు ఇలాగే గడిస్తే నేను ఒకప్పుడు కథలు రాసిన టీచరమ్మగా మిగిలిపోతాననీ భయం. ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఇంటావిడ తన ఇంట్లో తాను తలుపు తీసుకుని వస్తే ఏమని చెబుతాం?

ఇంతలో మాణిక్యం సంగతి జరిగింది.

మాణిక్యం లారీల వెనక చెక్కల మీద నెమలిని గీసేవాడు. మెడ తిప్పి వెనక్కి చూసే నెమలి. బొంబాయి రోడ్డు మీద ఎక్కడ ఆ మెడ కనబడినా, అది జహీరాబాదు బండి అని డ్రైవర్లు చెప్పుకునేవాళ్ళు. అతని కుంచె చూస్తే జాలేసేది. ఉడుత తోక వెంట్రుకలు నాలుగు పుల్లకు దారంతో బిగించి కట్టుకున్నది. సగం అరిగిపోయింది. పెద్దమ్మ గొడుగేసుకుని గంటలకొద్దీ అతని పని చూసేది కదా, ఆ కుంచె ఆమె కంట్లో పడింది. ఇంత మంచి చేతికి ఇంత చెడ్డ కుంచా అనుకుంది. బస్సు డ్రైవరుకు చెప్పి హైదరాబాదు నుంచి నిగనిగలాడే కుంచెల కట్ట తెప్పించింది. దసరా రోజు పొద్దున్నే తీసుకుపోయి ఇచ్చింది.

అందులో మంచితనం తప్ప ఏమీ లేదు. పొరపాటల్లా ఇచ్చిన వేళలో ఉంది. దసరా పొద్దున పనివాళ్ళు తమ పనిముట్లు కడిగి, బొట్టుపెట్టి, పూజలో ఉంచుతారు. ఆ రోజు వాటిని ముట్టరు. మర్నాడు పూజలో ఉన్నవాటితోనే పని మొదలుపెడతారు. మాణిక్యం పెద్దమ్మ చేతుల మీదుగా వచ్చిన కుంచెలను పూజలో అన్నింటికన్నా ముందు పెట్టాడు. పాత కుంచెను గుడ్డలో చుట్టి చూరులో దోపాడు. మర్నాటి నుంచి కొత్తవాటితో గీయడం మొదలుపెట్టాడు.

నెమలి మెడ తిరగలేదు.

ఆ కుంచెలు బిరుసు. అతని చెయ్యి ఒకచోట వంగితే అవి ఇంకోచోట వంగేవి. ఒక లారీ ఓనరు చూసి, "ఏందిర మాణిక్యం, నెమలిని పెట్టుమంటే కోడిని పెట్టినవ్?" అన్నాడట. ఆ మాట డ్రైవర్ల నోట్లో పడి హోటళ్ళదాకా పోయింది. మాణిక్యం మాత్రం "జర అలవాటైతే సక్కగైతది" అంటూ ఆ కుంచెలతోనే గీశాడు. పూజలో పెట్టినవి. అందులోనూ పెద్దమ్మ ఇచ్చినవి. పక్కన పెట్టాడని ఆమె చూస్తే ఎంత బాధపడుతుందో అని అతని భయం. ఆమె రోజూ వచ్చి చూస్తుంది మరి! నెమలి అడిగేవాళ్ళు తగ్గారు. కొందరు బీదరు పోయి వేయించుకోవడం మొదలుపెట్టారు. చలికాలం వెళ్ళేసరికి అతను లారీల మీద నంబర్లూ పేర్లూ తప్ప ఇంకేమీ రాయడం లేదు.

ఒక మధ్యాహ్నం గొళ్ళెం తీసుకుని వచ్చి, పెద్దమ్మ గడప మీద కూర్చుంది. ఆ రోజు అల్లం ధర ఊసే లేదు.

"టీచరమ్మా, ఒక్కటడుగుత. నిజం చెప్పు. నేనిచ్చిన ఎర్ర పెన్నుతోని రాస్తున్నవా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం చూశాక చెప్పలేకపోయాను.

"లేదు పెద్దమ్మా. ఈ పాతదానితోనే రాస్తా. దీని పాళీ నా చేతి వాలుకు అరిగింది. వేరేదానితో రాస్తే నా అక్షరం నాకే పరాయిగా ఉంటుంది."

"మరి కొత్తవేం చేస్తవ్?"

"పెట్టెలో పెడతా."

ఆమె నా పాత పెన్ను వైపు చూసింది. మూత పగిలి, దారం చుట్టి ఉంది. చేతులు కొంగుకు తుడుచుకుంది గానీ ముట్టుకోలేదు.

"నువ్వు పెట్టెల పెట్టినవ్. బతికినవ్" అంది. "గా పిచ్చోడు పెట్టెల పెట్టలేదు."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వాని చెయ్యి నేనే తీసుకున్న గద బిడ్డా. దసరా పూట మంచి పనిముట్టిచ్చిన అనుకున్న. ఉన్నది గుంజుకున్న."

"అట్లా ఎందుకనుకుంటారు? వద్దని చెప్పండి, పాతదానితో గీస్తాడు."

"ఎట్ల చెప్త? ఇచ్చినదాన్ని ఒద్దంటే, నీకు దీనితోని గీయ చాతకాలేదు అన్నట్టు కాదా? వానికి ఇంకింత సిగ్గయితది."

ఆమె ఆలోచన అంత దూరం పోతుందని నేను అనుకోలేదు. ఇచ్చింది వెనక్కి తీసుకోకూడదు. వాడొద్దని చెప్పకూడదు. అతను తనంతట తాను పక్కన పెట్టడు. ఆ చిక్కుముడిని ఆమె ఉగాది దాకా మోసింది. అన్నం సరిగ్గా తినడం లేదని సేటు మా వారితో అన్నాడు.

ఉగాది రోజు పొద్దున ఆమె మాణిక్యం ఇంటికి పోయింది, నన్ను వెంటపెట్టుకుని. సంచి లేదు, ఉత్త చేతులు. మాణిక్యం లేచి నిలబడి, భార్యను చాయ్ పెట్టమన్నాడు. పెద్దమ్మ మంచం మీద కూర్చుని, "మాణిక్యం, ఏటేటా నేనే ఇస్తున్న నీకు. నాకు నువ్వెన్నడన్న ఇచ్చినవా?" అని అడిగింది.

మాణిక్యం బిత్తరపోయాడు. "నేనేమియ్యగలుగుత పెద్దమ్మా?"

"పండుగకు ఒక్కటడుగుత. ఇస్తవా?"

"ఏదడిగినా ఇస్త."

"గా కుంచెలియ్యి. నాకు గడపకు రంగేసుకోవాలని మనసైంది."

మాణిక్యం ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె గోడ మీది క్యాలెండరును చూస్తున్నది. అతను లోపలికి పోయి కుంచెల కట్ట తెచ్చి, రెండు చేతులతో ఇచ్చాడు.  ఇద్దరికీ అర్థమైంది. నేను చాయ్ గ్లాసు తాగకుండానే కింద పెట్టాను.

ఇంటికొచ్చి ఆమె నిజంగానే గడపకు రంగు వేసింది. పసుపుపచ్చ మీద ఎర్ర చుక్కలు వేయాలని ఆమె ఉద్దేశం. కోడి నడిచి పోయినట్టు వచ్చాయి. సేటు ఇంట్లో అడుగుపెట్టబోతూ ఆగి, "ఏం తొక్కినవే?" అన్నాడు. సాయంత్రం మాణిక్యం వచ్చి చూసి పగలబడి నవ్వాడు. చాలా నెలల తర్వాత నవ్వాడు. సరిచేస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. "నా కుంచెలు, నా గడప. నువ్వు పోయి నీ పని చూస్కో" అంది.

ఆ వారంలోనే నెమలి మళ్ళీ వెనక్కి తిరిగి చూసింది.

ఆ తర్వాత పెద్దమ్మ పండుగ ఇవ్వడంలో పద్ధతి మారింది. పనిచేసేవాళ్ళ పనిముట్ల జోలికి పోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని ఇంకా ఎక్కువసేపు చూసేది. ఇదివరకు పనిని చూసేది, ఇప్పుడు పనికి ఏం అడ్డం వస్తున్నదో చూసేది. రోడ్డు దుమ్ము లేచి మాణిక్యం తడి రంగు మీద పడటం, అతను సూదిమొనతో ఆ నలకలను ఏరడం చూసింది. మరుసటి దసరాకు, పూజలూ అన్నీ అయ్యాక, సేటు అల్లం సంచుల మీద కప్పే పాత తాటిపత్రి గుడ్డ మోయించుకుపోయి ఇచ్చింది. నాలుగు కట్టెలు పాతి దాన్ని అడ్డంగా కట్టుకున్నాడు. ఆ ఏడు జహీరాబాదు నుంచి పోయిన నెమళ్ళన్నింటికీ అల్లం వాసన ఉండేదని మా వారు ఏడిపించేవారు.

హార్మోనియం పంతులుకు ఊరంతా శాలువాలు ఇచ్చేది. పాపం, ఆయనకు కావలసింది గాలి. భజన గదిలో ఊదుబత్తి పొగకు దగ్గొచ్చి పాట మధ్యలో ఆగిపోయేవాడు. పెద్దమ్మ మండలి వాళ్ళతో కొట్లాడి ఊదుబత్తులు అరుగు మీద పెట్టించింది. దసరా రోజు పంతులు చేతిలో ఉత్త జమ్మి ఆకు పెట్టి, "ఈసారి పొగ తీసేసిన. గదే నీ పండుగ" అని చెప్పి వచ్చింది. ఆయనకు మొదట అర్థం కాలేదట. పాట చివరి దాకా పాడాక అర్థమైందట.

నాకు ఆ ఏడు ఏమీ ఇవ్వలేదు. ఆకు ఇచ్చి, "నీది ఇంక నాకు తెల్వలేదు బిడ్డా. చూస్తున్న" అంది.

చూసింది. మధ్యాహ్నాలు వచ్చి గడప మీద కూర్చుని, మాట్లాడుతూనే చూసింది. నేను కాగితాలు తీసి పక్కన పెట్టడం, పెన్నుకు మూత పెట్టడం, ఆమె మాటలకు ఊకొడుతూ ఒక కన్ను కాగితం వైపు వేయడం, అన్నీ. మాటలు తగ్గాయి గానీ రావడం మానలేదు. ఎలా మానుతుంది? ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. పొద్దంతా ఆ ఇంట్లో గోడగడియారం ఒక్కటే చప్పుడు చేసేది.

మరుసటి దసరా వచ్చింది. సాయంత్రం ఆమె మధ్య తలుపు నుంచి కాకుండా, వీధి గుమ్మం నుంచి చుట్టూ తిరిగి వచ్చింది. నా చేతిలో ఆకు పెట్టి, చేతిని కళ్ళకు అద్దుకుంది.

"బంగారం గిదో. ఇంకోటి తలుపుకున్నది, చూస్కో."

వెళ్ళి చూశాను. మధ్య తలుపుకు నా వైపు గొళ్ళెం ఉంది. కొత్తది కాదు. ఇన్నాళ్ళూ వాళ్ళ వైపు ఉన్న పాత ఇనుప గొళ్ళెమే. ముందురోజు నేను బజారుకు పోయినప్పుడు వడ్రంగిని పిలిపించి, తన వైపు నుంచి ఊడదీయించి, నా వైపు బిగించింది. బతుకమ్మ సందడిలో నేను చూసుకోలేదు.

"రేపటి సంది పగటి బువ్వ తిన్నంక బేడం ఎయ్యి. పొద్దుగూకేదాంక తియ్యకు. ఎవ్వరు కొట్టినా తియ్యకు."

"పెద్దమ్మా..."

"నేను కొడ్తే అస్సలు తియ్యకు."

"మీరొస్తే నాకేం ఇబ్బంది పెద్దమ్మా? ఎందుకిట్లా చేశారు?"

ఆమె నవ్వింది. "అబద్ధం మంచిగ చెప్తవ్. కథలు రాసేదానివి గద."

అవతల నుంచి సేటు గొంతు వినబడింది. "ఇంటోళ్ళం మనమా, ఆళ్ళా? కిరాయికున్నోళ్ళ దిక్కు బేడం పెట్టేటోళ్ళను ఏడ చూడలె." ఆమె పట్టించుకోలేదు.  నేను వంగి కాళ్ళకు దండం పెట్టబోతే లేపి, "గిట్ల చేస్తే బేడం మల్ల ఇటు పెట్టిస్త" అని బెదిరించింది.

మర్నాడు నేను గొళ్ళెం వేశాను.  ఇంత మంచి మనిషి ముఖం మీద తలుపు వేస్తున్నట్టే ఉంది. కానీ వేశాను. కూర్చున్నాను. మొదటి వాక్యం రాశాను. రెండోది వచ్చింది. మూడోది వచ్చింది. అవతలి నుంచి గాజుల చప్పుడు కూడా లేదు. ఎండ గోడ దిగేసరికి మూడు కాగితాలు నిండాయి. నాకు ఏడుపొచ్చింది. సంతోషానికే.

పొద్దుగూకాక గొళ్ళెం తీస్తే ఆమె వచ్చేది. రాసింది చదివి వినిపించమనేది. ఆమె వినడం కూడా చూడటం లాంటిదే, నోరు కొంచెం తెరుచుకునేది. ఒక కథలో ముసలామె మంచం పట్టి చాలా రోజులైతే, "ఇంక సావలేదా ఆమె? బువ్వెవరు పెడ్తున్నరు?" అని అడిగింది. బువ్వ సంగతి నేను మరిచిపోయాను. మర్నాడు ఒక పొరుగామెను పెట్టి, అన్నం పంపించాను. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నం పూట ఆ తలుపు మీద ఒక్కసారి కూడా చెయ్యి పడలేదు. ఈ రోజు నన్ను పిలిచి శాలువాలు కప్పుతున్నారంటే, ఆ కథలన్నీ ఆ గొళ్ళెం చాటున రాసినవే. ఎనభైలలో మాకు బదిలీ వచ్చి ఊరు వదిలాం. వెళ్ళేరోజు గొళ్ళెం మళ్ళీ వాళ్ళ వైపు పెట్టించుకోమని అన్నాను. "ఉండనియ్యి. ఇంకెవరన్న రాసేటోళ్ళొస్తరేమో" అంది.

దినాలకు ఒకరోజు ముందే వెళ్ళాను. ఇంటికి సున్నాలు వేస్తున్నారు. తలుపులకూ కిటికీలకూ మాణిక్యం ఆకుపచ్చ రంగు వేస్తున్నాడు. వీధి గడప మీద ఎర్ర చుక్కలు మాసిపోయి కనీకనబడకుండా ఉన్నాయి. సేటు బాగా తగ్గిపోయాడు. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు.

"నువ్వన్న చెప్పు బిడ్డా వీనికి. ఇల్లంత ఏసి గీ తలుపొక్కటి ఇడిసిపెట్టిండు. అడిగితే ఎయ్య అంటడు."

మధ్య తలుపు. అన్నేళ్ళు ఆ ఇంట్లో ఉన్నా, మూసి ఉన్న ఆ తలుపును నేను వాళ్ళ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. గొళ్ళెం ఊడదీసిన చోట మేకుల బొక్కలు అలాగే ఉన్నాయి. వాటికి చాలా కింద, నేల మీద పీట వేసుకుని కూర్చున్న మనిషి తల ఆనేచోట, చెక్క మీద ఇంత వెడల్పున నల్లగా నూనె మరక ఉంది. ఏళ్ళ తరబడి తల ఆనించి ఆనించి నిగనిగలాడుతున్నది. కింద పీట కూడా ఉంది.

"ఇదేంటి?" అన్నాను. 

మాణిక్యం కుంచె డబ్బాలో పెట్టి తల వంచుకున్నాడు. సేటు చెప్పాడు.

"నువ్వు బేడం ఎయ్యంగనే గీడ కూసునేది. నువ్వు తీసేదాంక లేసేది కాదు. ఎప్పుడన్న నేను పగటి బువ్వకొస్తే చేతితోనే ఆగమనేది. ఎవరన్నొస్తే మూతి మీద ఏలు పెట్టేది. అండ్ల ఏమినబడ్తదే నీకు అని కోపం చేసిన ఒకనాడు."

"ఏమన్నది?"

"ఏమినబడ్తలేదు, మంచిగ రాస్తున్నది అన్నది." సేటు కొంగులాగా భుజం మీది తువాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు ఇల్లు ఇడిసినంక గూడ గీడనే కూసునేది బిడ్డా. పానం పోయిన పొద్దు గూడ గీడనే."

అవతలి భాగం ఇప్పుడు ఖాళీగా ఉంది. నేను ఆ పీట మీద కూర్చున్నాను. తల వెనక్కి ఆనించాను. తలుపుకు అవతల నేను రాస్తున్న మధ్యాహ్నాలన్నీ ఇవతల ఆమె ఇలా కూర్చుందన్నమాట. నాకు ఏడుపు ఆగలేదు. మాణిక్యం డబ్బా తీసుకుని, తలుపు చెక్కకు రంగు తగలకుండా, చుట్టూ ఉన్న చౌకట్టుకు మాత్రం మెల్లగా వేసుకుంటూ పోయాడు.

బయట వాకిట్లో నుంచి ఎవరో గట్టిగా "సేటూ!" అని కేకేశారు.

ముసలాయన ఉలిక్కిపడి, మూతి మీద వేలు పెట్టుకుని, వాకిలి వైపు తిరిగి, "మెల్లగ" అన్నాడు.